జెలాటో కథలో రెండు తేదీలు: ఫ్లోరెన్స్‌లో నేను చెప్పిన తప్పు

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెట్టాలి.

ఇటలీ సిరీస్ మొదటి వీడియోలో నేను ఫ్లోరెన్స్‌లో ఒక జెలాటో షాపు ముందు నిలబడి, కోన్ చేత్తో పట్టుకుని, చాలా నమ్మకంగా ఒక కథ చెప్పాను. ఈ ఊరి ఆర్కిటెక్ట్ బువోంటలెంటి జెలాటోని కనిపెట్టాడని, 1533లో కేథరిన్ డి మెడిచి పెళ్లి చేసుకుని ఫ్రాన్స్ వెళ్తూ ఆ వంటకాన్ని వెంట తీసుకెళ్లిందని. ఆ షాపు గోడ మీద అలాగే రాసుంది. చదివాను, చెప్పేశాను.

వీడియో చూసిన ఒకాయన ఒకే ఒక్క ప్రశ్న పంపించారు: "అన్నా, బువోంటలెంటి పుట్టింది ఎప్పుడు?"

చూశాను. 1531. అంటే కేథరిన్ పెళ్లినాటికి జెలాటో కనిపెట్టిన మహానుభావుడికి రెండేళ్లు!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పనే లాగ్ ఫైళ్లలో టైమ్ చూడటం. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని. అలాంటిది ఇక్కడ రెండంటే రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడలేదు. సరే, ఇవాళ చూద్దాం.

పెళ్లి మాత్రం నిజమే. 1533లో మార్సెయ్‌లో, ఫ్రాన్స్ రాజు రెండో కొడుకు హెన్రీతో జరిగింది. కేథరిన్‌కి 14 ఏళ్లు. కానీ ఆమె ఐస్‌క్రీమ్ తీసుకెళ్లిందని ఆ కాలంలో ఎవరూ రాయలేదు. ఆహార చరిత్ర రాసిన ఎలిజబెత్ డేవిడ్ లాంటివాళ్లు ఈ కథని ఎప్పుడో కొట్టిపారేశారు. రుజ్జేరి అనే కోళ్ల వ్యాపారి పోటీలో గెలిచి ఆమెతోపాటు వెళ్లాడనే ఇంకో కథ కూడా ఉంది. దానికీ ఆధారం లేదు.

అసలు చిక్కు సైన్స్‌లో ఉంది. మంచు ఉంటే ఐస్‌క్రీమ్ వచ్చేయదండీ. కరుగుతున్న మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పాలలో చక్కెర కలిపాక గడ్డకట్టాలంటే సున్నా కంటే కిందకి వెళ్లాలి. అందుకు మంచులో ఉప్పు కలపాలి. ఉప్పు కలిస్తే మంచు ఇంకా చల్లబడి, మైనస్ 20 దాకా కూడా దిగుతుంది. మన ఇళ్లలో వెనకటికి చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ డబ్బా గుర్తుందా? చుట్టూ ఐసు, అందులో కల్లుప్పు. అదే పద్ధతి.

నేపుల్స్‌కి చెందిన డెల్లా పోర్టా తన పుస్తకంలో మంచుకి సురేకారం కలిపి ద్రాక్షసారాయిని గడ్డకట్టించడం గురించి రాశాడు. ఆ కూర్పు అచ్చయింది 1589లో. అదే ఏడాది జనవరిలో కేథరిన్ చనిపోయింది.

మరి తినే పదార్థంగా వంటల పుస్తకంలోకి ఎప్పుడొచ్చింది? ఇంకో వందేళ్లకి, అదీ ఫ్లోరెన్స్‌లో కాదు, మళ్లీ నేపుల్స్‌లోనే. ఆంటోనియో లాటిని అని ఒకాయన. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ఇళ్లలో పనివాడిగా మొదలై, పెద్ద దొరగారింట విందుల ఏర్పాట్లన్నీ చూసే స్థాయికి ఎదిగాడు. 1690లలో రెండు సంపుటాల పుస్తకం అచ్చువేశాడు. అందులో సోర్బెట్టోలు ఉన్నాయి, పాలతో చేసేది కూడా ఉంది. ఇటాలియన్‌లో అచ్చయిన తొలి సోర్బెట్టో వంటకాలు ఇవేనని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇక పారిస్ జనానికి ఐసులు అలవాటు చేసిందెవరంటే, అందరూ చెప్పే పేరు ప్రొకోపియో. ఆయన సిసిలీ మనిషి. 1686లో అక్కడ కేఫ్ పెట్టాడు.

అంటే ఘనత ఎక్కువగా దక్షిణ ఇటలీది. గోడ మీద పేరు మాత్రం ఫ్లోరెన్స్ రాజకుటుంబానిది. నాకు బాధనిపించింది ఇక్కడే. అనాథగా మొదలైన పనివాడు ఓపిగ్గా రాసిపెట్టాడు. కొండల మీంచి మంచు మోసినవాళ్ల పేర్లయితే ఎక్కడా లేవు. నాలాంటివాళ్లు కెమెరా పట్టుకుని ఆ క్రెడిట్ తీసుకెళ్లి ఒక రాణిగారి పెళ్లిసామానులో పెట్టేశాం.

బువోంటలెంటి వట్టి కట్టుకథ అని మాత్రం అనుకోకండి. మెడిచిల దగ్గర పనిచేసిన గొప్ప ఇంజినీర్. కోటలు కట్టాడు, నాటకాలకి యంత్రాలు చేశాడు, మంచు దాచే గోతులు కూడా కట్టించాడు. చల్లటి వంటకాలతో ఆయన పేరు ముడిపడింది అందుకే. ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో "బువోంటలెంటి" పేరుతో దొరికే మీగడ రుచి మాత్రం 16వ శతాబ్దానిది కాదు. 1970లలో బడియాని అనే షాపువాళ్లు తెచ్చింది. రుచి అద్భుతం. చరిత్ర అనుకోకుండా తింటే ఇంకా బాగుంటుంది.

సరే, ఫ్లోరెన్స్ వెళ్తే ఎక్కడ తినాలి? నేను మొదట మోసపోయింది పెద్ద చౌరస్తా పక్కన. రంగురంగుల గుట్టలు చూసి ఆగాను, ధర అడగలేదు, బిల్లు చూశాక నోట మాట రాలేదు. అప్పటినుంచి నా రూల్స్ ఇవి. గుట్టలా పైకి పేర్చి ఉంటే వద్దు. జెలాటోలో గాలి తక్కువ ఉండాలి, అంత ఎత్తున నిలబడటం కష్టం. పిస్తా మెరిసే ఆకుపచ్చగా ఉంటే వద్దు, అసలు పిస్తా కాస్త గోధుమరంగు కలిసిన మాసిన పచ్చ. అరటిపండుది పసుపుపచ్చగా కాదు, మాసిన తెలుపు. మూతలున్న స్టీలు గుంటల్లో పెట్టి ఉంటే నమ్మొచ్చు, రంగు చూపించి అమ్ముకోవట్లేదన్నమాట.

శాంటా క్రోచే చర్చి దగ్గర వివోలి ఉంది, 1930ల నాటిది. అక్కడ కోన్ ఇవ్వరు, కప్పే. సిన్యోరియా చౌరస్తాకి దగ్గర్లో పెర్కే నో ఉంది, 1939 నుంచి. ఆ పేరుకి అర్థం "ఎందుకు కాదు?" అని. బడియాని పర్యాటకుల గుంపులకి దూరంగా, ఫుట్‌బాల్ స్టేడియం వైపు ఉంది. ఓపిక ఉంటే నడవండి.

పాత వీడియో తీసేయట్లేదు. కింద దిద్దుబాటు రాసి, ఈ ఎపిసోడ్ లింకు పెట్టాను. తప్పు ఎలా జరిగిందో కూడా కనపడాలి కదా. ఈసారి నేను గోడ మీదది చదివి ఏదైనా చెప్తుంటే, ముందు తేదీలు అడగండి. ఆ ప్రశ్న పంపిన అన్నకి థాంక్స్. మళ్లీ కలుద్దాం.