లీటరుకెంత? పాత బళ్ళ మైలేజి కథ

మొన్న అటక సర్దుతూంటే నాన్నగారి నోటుపుస్తకం ఒకటి చేతికి దొరికింది. అట్ట ఊడిపోయింది, అంచులను చెదలు తినేశాయి, లోపలి సిరా మాత్రం చెక్కుచెదరలేదు. జమాఖర్చుల పద్దేమో అనుకున్నాను. కాదు. ప్రతి పుటలోనూ నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి: తేదీ, మీటరు రీడింగు, పోయించిన పెట్రోలు, లీటరుకు నడిచిన దూరం. 1986లో ఆయన కొన్న ఒక సెకండ్ హ్యాండు స్కూటరు జీవితచరిత్ర అది.

నాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లె బడిలో ఉపాధ్యాయులు. రానూపోనూ రోజుకు 22 కి.మీ. కొన్న మొదటి నెలలో ఆ బండి లీటరుకు 28 కి.మీ. మాత్రమే నడిచింది. వీధి చివరి మెకానిక్కు కిక్కు కొట్టి, పొగ చూసి తేల్చిన మాట నాకింకా గుర్తున్నది. "మాస్టారూ, ఇది తాగి నడుస్తోందండీ. మీ జీతం దీనికే చాలదు."

అతడు మంత్రమేమీ వేయలేదు. సిలిండరు హెడ్డు విప్పి పేరుకున్న కార్బను గీకాడు. సైలెన్సరును నిప్పులో కాల్చి మసి దులిపాడు. కార్బురేటరు జెట్టును పెట్రోలుతో కడిగి ఊదాడు. ప్లగ్గు తుడిచి సందు సరిచేశాడు. చక్రానికి ఒరుసుకుంటున్న బ్రేకు షూను వదులు చేశాడు. టైర్లలో గాలి కొట్టించుకొమ్మన్నాడు. తరువాతి నెల పుటలో 36 అని ఉన్నది. నెలకు 550 కి.మీ. తిరిగే మనిషికి అది నాలుగు లీటర్ల పైచిలుకు ఆదా. ఆ రోజుల్లో మా ఇంట్లో నాలుగు లీటర్ల పెట్రోలు ఖరీదు చిన్న మాట కాదు.

ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే, ఈ లెక్కకు కూడా ఒక చరిత్ర ఉండాలి కదా అనిపించింది. మన దేశంలో మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి దశాబ్దాలు గడిచినా 'మైలేజి' అన్న మాట మాత్రం పోలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి జీతం అడిగినంత సహజంగా మనం బండిని "ఎంతిస్తుంది?" అని అడుగుతాం. పాత బండి చేత ఎక్కువ ఇప్పించాలన్న తపన మనకొక్కరికే పరిమితం కాదు. అమెరికాలో అది ఒకనాడు పందెంగా కూడా మారింది.

1939లో ఇల్లినాయి రాష్ట్రంలోని వుడ్ రివర్ అనే ఊళ్ళో, షెల్ చమురు కంపెనీ పరిశోధనశాల ఉద్యోగుల మధ్య ఒక స్నేహపూర్వకమైన వాదం పుట్టింది: ఒక గాలను పెట్రోలుతో ఎవరి కారు ఎక్కువ దూరం పోతుంది? ఆ పందెంలో గెలిచిన రాబర్ట్ గ్రీన్‌షీల్డ్స్ గాలనుకు 49.73 మైళ్ళు నడిపాడు. మన లెక్కలో లీటరుకు 21 కి.మీ. పందెం అక్కడితో ఆగలేదు. పోటీ అయింది, ఆనవాయితీ అయింది. 1949లో 1947 నాటి స్టుడీబేకరు ఒకటి గాలనుకు 149.95 మైళ్ళు, 1968లో తొమ్మిదేళ్ళ పాత ఫియట్ 600 ఒకటి 244.35 మైళ్ళు పోయాయి. 1973లో 1959 నాటి ఓపెల్ కారు 376.59 మైళ్ళు అందుకున్నది. అంటే లీటరుకు 160 కి.మీ. పద్నాలుగేళ్ళ వయసున్న కారు!

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే ఈ 160 అనే అంకె పుచ్చుకుని లోకంలో ఒక పెద్ద పుకారు బతుకుతున్నది. "చూశారా, చమురు కంపెనీల దగ్గర రహస్యం ఉన్నది, మన దగ్గర దాచారు" అని. దాచిందేమీ లేదు. 1977లో షెల్ శాస్త్రజ్ఞులు పెట్రోలు ఇంజను పొదుపు మీద ప్రచురించిన పుస్తకంలోనే ఈ ఓపెల్ ముచ్చట ఉన్నది. దాని బరువు వీలైనంత తగ్గించారు. టైర్లను రాయిలాగా గట్టిపరిచారు. ఇంజను శక్తిని గొలుసుతో చక్రానికి అందించారు. ఇంధనపు గొట్టం చల్లబడకుండా కప్పారు. ఇటువంటి పోటీల్లో బండిని కొద్దిగా పరుగెత్తించి, ఇంజను ఆపి, జారినంత దూరం జారనిచ్చి, మళ్ళీ స్టార్టు చేసేవారు. అంత మైలేజి వచ్చింది, నిజమే. కాని అది ఇక కారు కాదు. నలుగురు ఎక్కడానికీ, వానలో ఊరు వెళ్ళడానికీ, లారీ వెనకాల నిలదొక్కుకోవడానికీ పనికిరాదు. మైలేజి కోసం తక్కినవన్నీ అమ్ముకున్న బండి అది.

రహస్యాల కథల్లో అందరికన్న పెద్ద పేరు చార్లెస్ నెల్సన్ పోగ్‌ది. కెనడాలోని విన్నిపెగ్ వాసి. 1930లలో తన కార్బురేటరుకు పేటెంట్లు పొందాడు. పెట్రోలును తుంపరగా కాక పూర్తిగా ఆవిరి చేసి ఇంజనులోకి పంపితే గాలనుకు 200 మైళ్ళు వస్తాయని దాని గురించి ప్రచారం జరిగింది. ఆ కార్బురేటరు ఏనాడూ బజారులోకి రాలేదు. "కొనేసి తొక్కేశారు" అన్న కథ మాత్రం తొంభై ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నది.

లెక్క వేసి చూస్తే తొక్కేయవలసిన పని లేదని తెలుస్తుంది. బాగా ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజనులో పోసిన పెట్రోలులో అత్యధిక భాగం ఎలాగూ మండుతుంది. నష్టం మండకపోవడంలో లేదు. మండగా పుట్టిన వేడిలో సగానికి పైగా రేడియేటరు నుంచీ, పొగగొట్టం నుంచీ గాలిలో కలిసిపోవడంలో ఉన్నది. ఎంత గొప్ప ఆవిరి చేసినా ఆ వేడి తిరిగి రాదు. నాన్నగారి స్కూటరు వంటి రెండు స్ట్రోకుల బళ్ళ సంగతి వేరు. వాటిలో కాలిన పొగ పోయే ద్వారమూ, కొత్త మిశ్రమం వచ్చే ద్వారమూ కొంతసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. అందువల్ల కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సరు దారి పడుతుంది. అది పుట్టుకతో వచ్చిన జబ్బు. రిపేరుకు లొంగదు. 1985లో హీరో హోండా సి.డి. 100 నాలుగు స్ట్రోకులతో వచ్చి లీటరుకు 80 కి.మీ. అని చాటినప్పుడు మన మధ్యతరగతి అటు మొగ్గడానికి కారణం ఇదే. కొత్త బండి కొనలేని మా బోటి వాళ్ళకు మాత్రం కార్బను గీకించుకోవడమే మిగిలింది.

పొదుపు పందెం నుంచి అవసరంగా మారిన సంవత్సరం 1973. అక్టోబరు యుద్ధం తరువాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలయింది. మన దేశంలో ఆ నవంబరులో పెట్రోలు ధరల పెంపునకు నిరసనగా అటల్ బిహారీ వాజపేయి ఎద్దుబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. అమెరికాలో 1974 జనవరిలో రహదారుల మీద వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అనగా సుమారు 88 కి.మీ.కు, కట్టడి చేస్తూ చట్టం వచ్చింది. 1975 చట్టం కొత్త కార్ల సగటు మైలేజికి మెట్లు కట్టింది. 1978లో గాలనుకు 18 మైళ్ళు, 1985 నాటికి 27.5. మన దేశంలో 1978లో పెట్రోలియం పొదుపు కోసం పి.సి.ఆర్.ఏ. అనే సంస్థ ఏర్పడింది.

గమనించవలసిన విషయం ఒకటున్నది. కార్ల సగటు మైలేజి చట్టం వర్తించేది కొత్త బళ్ళకు. అప్పటికే రోడ్డు మీద ఉన్న కోట్లాది పాత బళ్ళకు ఆ చట్టం చేసిందేమీ లేదు. వాటికి మిగిలినవి రెండే: వేగం తగ్గించడం, మరమ్మతు చేయించడం. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డగించే బలం ఆ వేగపు వర్గంగా పెరుగుతుంది కనుక మొదటిది పాత బండికీ కొత్త బండికీ ఒకటే. రెండవది విసుగు పుట్టించే పని. ఆ విసుగులోకే అద్భుత పరికరాల వాళ్ళు ప్రవేశించారు.

మా ఇంటికి కూడా ఒకటి వచ్చింది. ఒక ఎగ్జిబిషనులో నాన్నగారు ఒక అయస్కాంతం కొన్నారు. పెట్రోలు పైపుకు బిగిస్తే ఇంధనపు అణువులు వరుసకట్టి నిలబడి పూర్తిగా మండుతాయని అమ్మినవాడు చెప్పాడట. పెట్రోలులో అయస్కాంతానికి లొంగే గుణం దాదాపు లేదు. లెక్కల మాస్టారు కూడా పడిపోయారేమిటని నవ్వాను అప్పట్లో. ఇప్పుడు పుస్తకం చూస్తే ఆయన పడిపోలేదు, పరీక్షించారు. అయస్కాంతానికి ముందు మూడు ట్యాంకులు: 35, 36, 35. తరువాత మూడు ట్యాంకులు: 36, 35, 35. పక్కన ఒక్క మాట: "వ్యర్థం."

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970ల నుంచి ఇటువంటి పరికరాలను వందకు పైగా పరీక్షించి, వీటిలో మైలేజిని చెప్పుకోదగినంతగా పెంచేది ఒక్కటీ లేదని తేల్చింది. వాళ్ళకు ప్రయోగశాలలు కావలసివచ్చాయి. నాన్నగారికి నాలుగు గళ్ళూ, ట్యాంకు నింపి మళ్ళీ నింపేదాకా ఆగే ఓపికా సరిపోయాయి.

అయితే మంచి సలహాకు కూడా వయసు మీరుతుంది. ఎయిర్ ఫిల్టరు మురికి పడితే మైలేజి పడిపోతుందన్నది మనందరం నేర్చిన పాఠం. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ పరిశోధనశాల పరీక్షిస్తే, కంప్యూటరుతో నడిచే ఇంజెక్షను కార్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజి మారలేదు. వచ్చే గాలికి తగినట్టు కంప్యూటరే పెట్రోలు తగ్గిస్తుంది. తగ్గేది పరుగు మాత్రమే. కార్బురేటరు బళ్ళకైతే పాత పాఠం చెల్లుతుంది. దిగువలో న్యూట్రలులో జారడం కూడా ఇటువంటిదే. ఇంజెక్షను బండి గేరులో ఉండి జారితే పెట్రోలు పూర్తిగా ఆగుతుంది. న్యూట్రలు చేస్తే ఇంజను తిరగడానికి కొంత తాగుతుంది, పైగా బ్రేకు మీద భారం. ఈనాటి సెకండ్ హ్యాండు కారులో చూడవలసింది ఆక్సిజన్ సెన్సరు. అది పాడైతే సరిచేసినందుకే కొన్ని సందర్భాలలో 40 శాతం వరకు మెరుగు కనిపిస్తుంది. సెన్సరు అనే పేరే నాన్నగారి పుస్తకంలో లేదు.

కొన్ని నష్టాలు మన చేతుల్లో ఉండవు. ఇథనాలులో పెట్రోలు కన్న లీటరుకు మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం ఇథనాలు కలిపితే పాత తరహా ఇంజన్లున్న కార్లలో 6-7 శాతం, ద్విచక్ర వాహనాలలో 3-4 శాతం మైలేజి తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. గాలి చూసుకుని, చెయిన్ సవరించుకుని ఒకడు సంపాదించుకున్న ఆదా ఇలా పోతుంది. ఆ విధానపు మంచిచెడ్డలు వేరే చర్చ. పాత బండి మనిషి లెక్క రాసుకోవలసిన అవసరం మాత్రం తీరలేదు.

వుడ్ రివర్ వాళ్ళు ముప్ఫై నాలుగేళ్ళలో తెలుసుకున్నదీ, వీధి చివరి మెకానిక్కు ఒక పూటలో చేసిందీ ఒకే జాతి పని. బరువు, ఒరిపిడి, గాలి, మిశ్రమం. ఒక్కొక్కచోట కొంచెం కొంచెం. పెద్ద రహస్యం ఒక్కటీ లేదు. అందుకే కాబోలు ఈ సంగతి ఎవరికీ రుచించదు.

పుస్తకం చివరి పుటల్లో ఒకచోట నా చూపు నిలిచిపోయింది. 1993 వేసవి. వరుసగా 37, 37, 38 ఉన్నచోట హఠాత్తుగా 29. బండి పాడైందేమోనని పై వరుస, కింది వరుస చూశాను. మెకానిక్కు ఖర్చు ఏమీ లేదు. ఆ తరువాత వారం మళ్ళీ 37. ఆ 29 పక్కన ఎర్ర సిరాతో, బడిలో తప్పులు దిద్దే చేతిరాతతో ఇలా ఉన్నది: "చిరంజీవి నడిపెను."

ఆనాడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు.