దారి తప్పింది ఏనుగులా?

1970లలో మదనపల్లెలో పెరిగిన మాబోటి వాళ్ళకు ఏనుగంటే సర్కస్ డేరాలోదో, గుడి ముందరిదో. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే దారిలో అడవి ఏనుగు ఎదురవుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. నవ్వడం మా తప్పు కాదు. ఆంధ్ర అడవుల్లో సుమారు రెండు శతాబ్దాలుగా అడవి ఏనుగుల మంద స్థిరంగా లేదు.

అంతకు ముందరి చరిత్రలో ఏనుగుకు కొదవ లేదు. పదిహేనో శతాబ్దిలో విజయనగరాన్ని ఏలిన రెండవ దేవరాయలు 'గజబేటెకార' అన్న బిరుదు ధరించాడు. ఏనుగుల వేటగాడని అర్థం. అయితే ఆ చరిత్రలో ఏనుగు రాజు ఎక్కిన వాహనమే, చతురంగ బలాల్లో ఒక అంగమే. మందగా బతికే జీవి అనీ, తరతరాలుగా తల్లి ఏనుగులు పిల్లలకు నేర్పే దారులు దానికున్నాయనీ ఆస్థాన చరిత్రకారులకు పట్టలేదు.

1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి మందలు కుప్పం వైపు దిగాయి. కొన్ని శేషాచలం దాకా పోయాయి. కరువు వల్ల వచ్చాయన్నారు. నిజమే, కానీ సగం నిజం. వాటి అడవిని సేద్యమూ, రోడ్లూ, క్వారీలూ ముక్కలు చేసిన తరువాత కదా కరువు వాటిని తరిమింది! పొట్ట చేతబట్టుకుని బెంగుళూరుకు పోయే మన సీమ కూలీని వలసపక్షి అనడం ఎంత అన్యాయమో, దీన్ని వలస అనడమూ అంతే.

1990లో 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మ్యాపులో పచ్చరంగు పడింది. కానీ అది ఎండు అడవి, చుట్టూ పల్లెలు. రోజుకు 150 కిలోల మేత కావలసిన జంతువు వేసవిలో ఎక్కడికి పోవాలి? చెరువుకిందికి వస్తుంది, చెరుకూ రాగీ తింటుంది. చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి చస్తుంది, లేదా కాపలా పడుకున్న రైతును తొక్కుతుంది. కుప్పం దగ్గర చేను పోగొట్టుకున్న ఒక పెద్దాయన నాతో, "దేవుడొచ్చి తినిపోతే ఎవురి మింద కేసు పెట్టేది సార్?" అన్నాడు. ఆ మాటలో భక్తి ఎంతో, ఎగతాళి ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

ఇది మన జిల్లా గొడవే అనుకోకండి. ఉత్తర కెనడాలో బాథర్స్ట్ అనే కారిబూ జింకల మంద 1986లో సుమారు 4,70,000 ఉండేది. 2021కి 6,240 మిగిలాయి. కారణాలు అనేకం, వాతావరణ మార్పు అందులో ఒకటి. ఆ మంద తిరిగే నేలలో 1998లో వజ్రాల గని తెరిచారు, తరువాత మరికొన్ని వచ్చాయి. ఆంక్షలు ముందుగా తగిలింది మాత్రం ఆ జింక మాంసం మీద బతికిన ఆదివాసీ వేటగాళ్ళకు. వేట ఆగింది, గని ఆగలేదు.

ఇక్కడా లెక్క అంతే. అడవి పోవడం వల్ల లాభపడ్డవాడు రాత్రిపూట మంచె మీద పడుకోడు.

2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో శివరాత్రికి నడిచిపోతున్న ముగ్గురు భక్తులను ఏనుగులు చంపాయి. మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీలను మనకిచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. మావటి మాటకు లొంగిన ఏనుగు, లొంగని ఏనుగును అడవిలోకి తరుముతుంది. ఏ అడవిలోకి అన్నది మాత్రం కుంకీకి చెప్పవలసిన పని లేదు.