అక్షరమును నాదమును



శ్రీశైలమునందలి ఘంటామఠమును జీర్ణోద్ధరణము చేయుచుండగా 2021వ సంవత్సరమున రాగిరేకులు బయల్పడినవి. శతాబ్దములు మఱుగున పడియున్నను, లిపి నెఱిగిన విద్వాంసులు వానిని చదువగలిగిరి. అక్షరమునకు గల భాగ్యమది. నాదమున కా భాగ్యము చిరకాలము లేకపోయెను. ఆ సంగతినే నేడు మనవి చేసెదను.

ఆళ్లగడ్డ చేరువనున్న అహోబిలమున ఆదివన్ శఠగోపయతులయొద్ద తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) వేదాంతము నభ్యసించిరి. ఆయన రచించిన సంకీర్తనములు ముప్పది రెండు వేలని ప్రసిద్ధి. వానిని వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున దాచిరి. 1922లో అవి వెలుగు చూచినవి. దొరకినవి సగమునకు తక్కువయే. ప్రతి కీర్తనకును రాగము పేరున్నది, సాహిత్యమున్నది; స్వరము మాత్రము లేదు. కొండమలహరి యను పేరు చదువగలము గాని, ఆయన దాని నెట్లు పాడిరో చెప్పువారు లేరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారు తిరిగి వరుసలు కట్టినందుననే ఆ పదములు మన చెవిని బడుచున్నవి. రాగి మిగిలెను, రాగము పోయెను. ఇంతకంటె పెద్ద నష్టము మన సంగీతమునకు వేఱొకటి కలదని నేను తలపను.

ఈ కొఱతను తీర్ప సుబ్బరామదీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో ప్రకటించిరి. గమకములకు సైతము గుర్తులేర్పఱచిరి. అయినను గురుముఖమున విననివానికి గుర్తు గుర్తుగానే యుండును. 1877లో అమెరికాలో ఎడిసన్ ధ్వనిని గీతగా నిలిపిన యంత్రమును కనుగొనిన పిమ్మటనే గళము తానుగా నిలువనేర్చినది.

నేటి కంప్యూటరు గీతకు బదులు అంకెలను వాడును. తాళము కాలమును అక్షరములుగా ఖండించునట్లు, ఇది సెకనును 44,100 ఖండములు చేసి, ఖండమున కొకసారి నాదపు టెత్తును కొలిచి, 65,536 మెట్లలో ఏ మెట్టునకు వచ్చినదో వ్రాసికొనును. అన్ని ఖండములేల యందురా? మానవకర్ణము సెకనుకు ఇరువదివేల కంపనములవఱకు వినగలదు. దానికి రెట్టింపునకు మించి కొలిచినగాని నాదము యథాతథముగా మరలి రాదు. ఇట్లు రెండు ధారలుగా పట్టిన ఒక్క నిమిషపు గానమునకు ఒక కోటి అయిదు లక్షల ఎనుబదినాలుగు వేల బైట్లు కావలెను. వేయి సంకేతముల తెలుగు సాహిత్యమునకు మూడువేల బైట్లు చాలును! ఎంపీత్రీ యనునది చెవి గుర్తింపలేని భాగములను విడిచి నాదమును పదవవంతునకు కుదించును. విడిచినది మరల రాదు గనుక, సంగీతోపాధ్యాయులు కుదించిన ప్రతిని అంతర్జాలమున కెక్కించి, మూలప్రతిని రెండు చోట్ల వేఱుగా దాచవలెను.

సాహిత్యము విషయమున నొక చిక్కున్నది. పూర్వము ఒక్కొక్క సంస్థవారు తమకు తోచినట్లు అక్షరములకు అంకెలు పెట్టుకొనిరి. ఆ ఫాంటు లేని యంత్రముపై కీర్తన అర్థములేని గీతలై కనబడును. 1991లో వెలసిన యూనికోడులో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. అందు వ్రాసినది ఎచ్చటనైనను చదువబడును, వెదకిన దొరకును. పుటను ఛాయాచిత్రము తీసి పెట్టుట సులభమే గాని, అందలి పల్లవిని వెదకుట కష్టము.

విద్వత్సంగీతమునకు ఎవరో ఒకరు పూనుకొందురు. నాకు బెంగ మన పల్లెపాటలను గూర్చియే. వెంకటాపురమునుండి నాగలూటి మీదుగా నల్లమల దాటి శివరాత్రికి కాలినడకను పోవు భక్తులు పాడుకొను పాటలను, చెక్కభజన పదములను ఎఱిగిన పెద్దలు మీలో గలరు. మనుమని చేతిలోని ఫోను చాలును. గాలి తగులని గదిలో, పంకా నాపి, నోటికి జానెడు దూరమున నుంచుడు. పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, సంవత్సరము, పాట ఎవరియొద్ద నేర్చినదియు స్పష్టముగా చెప్పి, పిమ్మట శ్రుతి నందుకొనుడు.