తెల్లని అన్నము – తవుడులో పోయిన బలము

అన్నము మల్లెపూవువలె తెల్లగా ఉండవలెనని మన యిండ్లలో అందరును కోరుదురు. అతిథికి ముడిబియ్యపు అన్నము వడ్డించుట మర్యాద కాదని తలచుట మనకు అలవాటైపోయినది. ఈ తెలుపునకు మన తెలుగు తీరము చెల్లించిన మూల్యమెంత? ఆ మూల్యమును శాస్త్రజ్ఞులు గుర్తించిన తరువాత ప్రభుత్వములు చేసిన పనులెట్టివి? ఈ రెండు విషయములను నేడు ముచ్చటింతము.

చంపావతీ తీరముననున్న నెల్లిమర్లను తలచుకొందము. అటు రైలుమార్గము, ఇటు జనపనార మిల్లు. చుట్టును వరిచేలు, మెట్టచేలు. ఇట్టి ఊళ్ళలో వడ్లు పండించుకొను రైతుయింట పూర్వము రోకటిపోటు వినబడుచుండెను. ఉదయము చద్దియన్నమో చోడి అంబలియో త్రాగి పనికి పోవుట పరిపాటి. మిల్లుకూలి బ్రతుకు వేరు. వారము కూలి చేతబడినగాని బియ్యము కొనలేడు. కొన్నవానిని దంచుకొను తీరిక ఇంట లేదు. అట్టివానికి అంగడిలోని మరబియ్యమే దిక్కు. బియ్యమే సగము ఆహారము కాక సర్వాహారమైన పేదయింట దాని గుణదోషములు ప్రాణముతో ముడివడియుండును.

గంజాము మొదలు దక్షిణముగా సాగిన మన తీరమును ఆంగ్లేయులు ఉత్తర సర్కారులని పిలిచిరి. ఈ సీమకును బెరిబెరి అను వ్యాధికిని చిరకాల సంబంధము కలదు. 1835లోనే మాల్కంసన్ అను వైద్యుడు ఈ వ్యాధిని గురించి మద్రాసున ఒక గ్రంథమును ప్రకటించెను. కాళ్ళు తిమ్మిరులెక్కుట, పిక్కలు పట్టు తప్పుట, పాదములు వాచుట, కొలదిపాటి నడకకే ఆయాసము వచ్చుట, తుదకు గుండె ఆగిపోవుట దీని లక్షణములు. మరలు రాకపూర్వమే వ్యాధి యున్నది కనుక దోషమునంతయు మరపై మోపరాదు. బియ్యమును ఎంత తెల్లజేసితిమి, దానితోపాటు మరియేమి తింటిమి అనునవే అసలు ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు సమాధానము మొదట జావా ద్వీపమున దొరకెను. డచ్చి వైద్యుడు ఐక్‌మన్, తెల్లబియ్యము తిన్న కోళ్ళకు బెరిబెరివంటి వ్యాధి వచ్చుటయు, పైపొర గల బియ్యముతో అది కుదురుటయు కనిపెట్టెను. 1896 ప్రాంతమున వోర్డర్‌మన్ అను అధికారి అచటి సుమారు 100 చెరసాలలను పరిశీలించి, ఖైదీలలో గూడ ఇదే తీరు కలదని చూపెను. 1907 మొదలు మలయాలో ఫ్రేజరు, స్టాంటను అను వైద్యులు రోడ్డుపని కూలీలకు వేర్వేరు బియ్యములు పెట్టి చూచిరి. పచ్చిబియ్యము తిన్నవారిలో వ్యాధి పుట్టెను. ఉప్పుడుబియ్యము తిన్నవారిలో పుట్టలేదు. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు ‘విటమిను’ అని పేరుపెట్టెను. రోగమునకు విషమో, సూక్ష్మజీవియో కారణము కావలెనని నమ్మిన కాలమున, ఆహారమున ఒక పదార్థము లేకపోవుటయే కారణమనుట గొప్ప విప్లవము.

మన దేశమున ఈ పరిశోధన 1918లో కూనూరు పాస్టరు సంస్థలోని ఒక గదిలో ఆరంభమయ్యెను. దాని పేరే బెరిబెరి విచారణ శాఖ. దాని నాయకుడు మెకారిసన్. 1928లో అది పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చెను. నేడు దేశమునకంతటికిని ఆహార విషయమున సలహా నిచ్చు ఈ సంస్థకు బీజము బెరిబెరియే యని మనము మరువరాదు.

కూనూరు శాస్త్రజ్ఞులను ఒక చిక్కు ఎదుర్కొనెను. మద్రాసు రాష్ట్రమున అరవదేశమునను మలబారునను గూడ పేదలు బియ్యమే తినిరి. మరి బెరిబెరి తెలుగు తీరముననే ఏల నిలిచినది? అచట వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, పిమ్మట మర ఆడించెదరు. ఉడుకునపుడు పైపొరలోని బి-1 విటమిను గింజలోనికి దిగి నిలుచును. మనవారు కోరినది పచ్చిబియ్యము. హైదరాబాదు సంస్థ పట్టికల ప్రకారము, నూరు గ్రాముల మరాడించిన పచ్చిబియ్యములో ఈ విటమిను 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యములో 0.21, మరాడించిన ఉప్పుడుబియ్యములోను 0.21. తవుడులోనో, 2.7! మనుష్యుల బలము పశువుల కుడితిలో కలిసినదన్నమాట.

ఇందు మిక్కిలి శోచనీయమైన భాగము పసిబిడ్డలది. తల్లి ఆహారమున ఈ విటమిను కొరవడినచో చనుబాలలోను కొరవడును. పైకి ఏ రోగమును లేనట్లున్న తల్లి ఒడిలోనే, కొన్ని నెలల బిడ్డ హఠాత్తుగా ప్రాణము విడువవచ్చును. కూనూరు సంస్థకు అధిపతియైన ఎయ్‌క్రాయిడ్, సహచరుడు కృష్ణన్‌తో కలిసి, మద్రాసు రాష్ట్రపు బెరిబెరి సీమలోని శిశుమరణములను పరిశీలించి 1941లో పత్రము ప్రకటించెను. దృష్టిదోషమనియు, గ్రహచారమనియు తల్లులు ఏడ్చి ఊరకున్న మరణములలో కొన్నిటికి కారణము వంటకుండలోనే యుండెను.

కారణము తెలిసినది. ఇక ప్రభుత్వము చేయవలసినదేమి? మూడు మార్గములు కనబడెను.

మొదటిది, బియ్యమును తక్కువ పాలిషు పట్టుట. 1934లో గాంధీమహాత్ముడు గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి దంపుడు బియ్యమును ప్రచారము చేసెను. 1958లో కేంద్రప్రభుత్వము బియ్యపు మిల్లుల క్రమబద్ధీకరణ చట్టమును చేసెను. కాని తవుడుగల బియ్యము త్వరగా ముక్కిపోవును, పురుగుపట్టును; వర్తకుడు నిలువచేయ జంకును, కొనువాడు నలుపని త్రోసివేయును.

రెండవది, ఉప్పుడుబియ్యము. ఇది శాస్త్రమునకు సులభము, నాలుకకు కష్టము. తరతరముల రుచి ఉత్తరువుతో మారదు.

మూడవది, తీసిన విటమినును మరల చేర్చుట. ఈ మార్గమును చూపినవాడు మన తెలుగునేల మీద పుట్టినవాడే. 1886లో నెల్లూరున మిషనరీ దంపతులకు జన్మించిన రాబర్టు విలియమ్స్ మనీలాలో బెరిబెరిని చూచి, పాతికేండ్లు శ్రమించి, 1936లో బి-1 విటమినును కృత్రిమముగా తయారుచేసెను. 1948లో ఫిలిప్పైనుల బటాన్ మండలమున, 200 గింజలకు ఒక గింజ చొప్పున విటమిను గింజలు కలిపిన బియ్యమును పంచగా బెరిబెరి మరణములు బహుగా తగ్గెను. 1952లో అచట చట్టము వచ్చెను. అయినను మిల్లుదారులు సహకరింపక ఆ చట్టము సరిగా అమలు కాలేదు. ప్రయోగశాలలో గెలిచిన విద్య బియ్యపు మిల్లు వాకిట ఓడినది.

మన తీరమున బెరిబెరి ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున అరుదైపోయెను. పప్పు, కూర, చేప కొంత ఎక్కువగా పళ్ళెమునకు వచ్చుటయు, బ్రతుకుతెరువు కొంత మెరుగగుటయు ఇందులకు తోడ్పడినవి. ఒక్క చట్టమునకే ఆ కీర్తి నీయరాదు.

ఈ కథ మన కాలమున మరల తల ఎత్తినది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి, ప్రభుత్వ పథకముల బియ్యమును పోషకములతో బలపరతుమని ప్రకటించిరి. 2022లో ఆరంభమైన రెండవ దశలో ఆకాంక్షిత జిల్లాలు చేరెను, విజయనగరము అందొకటి. నూరు గింజలకొక గింజ చొప్పున కలిపిన అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 ఉండవలెనని నిబంధన. బెరిబెరిని మాన్పు బి-1 ఐచ్ఛికము మాత్రమే. ఏలన, నేటి ప్రధాన శత్రువు రక్తహీనత. కాలము మారినపుడు మందు మారుట న్యాయమే. కాని పలు ఊళ్ళలో ఆ గింజలను చూచి ‘ఇవి ప్లాస్టిక్ బియ్యము’ అని జనులు భయపడి ఏరి పారవేసిరి. గింజ వెళ్ళిన చోటికి మాట వెళ్ళకపోవుటయే అందులకు హేతువు.

దీనినుండి మనము గ్రహింపవలసినదొకటి. విటమిను శాస్త్రము ఏమి లోపించినదో చెప్పగలదు. దానిని పేదవాని కంచములోనికి చేర్చు బాధ్యత పాలకులది. చేర్చునపుడు ఆ కంచము ముందు కూర్చున్నవానిని అడుగవలెను, అతనికి తెలియజెప్పవలెను. ఒక పోషకమును చేర్చినంతమాత్రమున పప్పు, ఆకుకూర, గ్రుడ్డు అక్కరలేదని తలచుట పొరపాటు.

ఇంట మనము చేయదగినదియు కలదు. బియ్యమును పలుమారులు పిసికి కడుగకుందము. ఎసరు సరిపెట్టి వండుదము. గంజి వార్చినచో పారబోయక త్రాగుదము. వీలైన దినమున దంపుడు బియ్యమో, చోడి అంబలియో పిల్లలకు పెట్టుదము. అన్నమునకు అందము తెలుపు కాదు, దానిని తిన్నవాని ఆరోగ్యము.