ఫ్రోబెర్గర్ సంగీతము - ప్రాచీన వాద్యములు

విద్యను గురుముఖముననే గ్రహింపవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఈ భావమునే 1667వ సంవత్సరమున ఐరోపాలో ఒక ప్రభుపత్ని తన లేఖలలో వెలిబుచ్చెను. ఆమె పేరు సిబిల్లా. గురువు యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్. ఆయన వృత్తాంతమును సంగ్రహముగా మనవిచేసెదను.

ఫ్రోబెర్గర్ 1616లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున జన్మించెను. 1637లో వియన్నాలో చక్రవర్తియగు మూడవ ఫెర్డినాండు ఆస్థానమున ఆర్గన్ వాదకుడై, ఆ యేటనే ప్రభువు ధనసాహాయ్యముతో రోమునకేగి, ఫ్రెస్కోబాల్డి యను మహావిద్వాంసునొద్ద శిష్యుడయ్యెను. పిమ్మట పారిస్, లండన్ మొదలగు నగరములు తిరిగి, ఆయా దేశముల బాణీలను తన కృతులలో సమన్వయించెను.

ఆయన కృతులలో పెక్కింటికి తగిన వాద్యము హార్ప్సికార్డు. దానికి హార్మోనియమునకువలె మెట్లుండును. మెట్టు నొక్కగనే లోపలి పక్షియీక తీగను మీటును. ఎంత గట్టిగా నొక్కినను నాదము అంతగా హెచ్చదు. కావున ఏ స్వరమును ఎంతసేపు నిలుపవలెను, ఎచ్చట ఆగవలెను అను వివేకమే దానికి ప్రాణము.

1652లో పారిస్ నగరమున బ్లాంక్రోషే యను వైణికుడు మేడమెట్లపైనుండి జారిపడి మరణించెను. ఫ్రోబెర్గర్ ఆ మిత్రునికై రచించిన విలాపకృతి, స్వరములు క్రిందికి జారుటతో ముగియును. దానిని కాలప్రమాణము పాటింపక, మిక్కిలి విళంబముగ, తన విచక్షణ ననుసరించి వాయింపవలెనని సూచన కలదు. ఇది నాకు మన ఆలాపనమును స్ఫురింపజేయును. 1654లో చక్రవర్తి కుమారుడు ఇరువదియేండ్ల ప్రాయమున మశూచికముచే మృతినొందగా, ఆయనకై వ్రాసిన విలాపము ఆరోహణముతో ముగియును. స్వహస్తలిఖిత ప్రతిలో ఆ స్వరములు చేరుచోట మేఘములు, దేవదూతల ముఖములు చిత్రింపబడినవి.

1667 మే నెలలో ఫ్రోబెర్గర్ సిబిల్లా ఆశ్రయమున ఎరికూర్‌లో కన్నుమూసెను. ఆయనయొద్ద నేర్వనివారు ఈ కృతులను సరిగా వాయింపజాలరనియు, పరులకిచ్చినచో పాడుచేయుదురని గురువే శంకించెననియు ఆమె హైగెన్స్ అను డచ్చి పండితునికి వ్రాసెను. ఆమె గురుభక్తిని నేను తప్పుపట్టజాలను. కాని వ్రాతప్రతులు నశించిన విద్యకు పునర్జన్మ యెట్లు? 2006లో ఫ్రోబెర్గర్ స్వహస్తగ్రంథ మొకటి లండన్ వేలమునకు రాగా, అందు లోక మెరుగని కృతులు కానవచ్చెను.

పదునెనిమిదవ శతాబ్దాంతమునకు పియానో ప్రబలి హార్ప్సికార్డు మూలబడెను. ఆర్నాల్డ్ డోల్మెట్ష్ (1858-1940) పాతవాద్యములను బాగుచేసి, క్రొత్తవి నిర్మించెను. గుస్టావ్ లియోన్‌హార్ట్ (1928-2012) ఫ్రోబెర్గర్ కృతులను అట్టి వాద్యములపై వాయించి జనులకు వినిపించెను. 2016లో, ఫ్రోబెర్గర్ పుట్టిన నాలుగువందల యేండ్లకు, ఆయన సంగీతము కచేరీలలో మరల మ్రోగెను.

గురువు లేడు, శిష్యురాలును లేదు. అయినను ఆ కాలపు వాద్యముపై వ్రేళ్ళుంచినవానికి, ఎచ్చట తొందరపడరాదో, ఎచ్చట నిలువవలెనో ఆ తీగలే కొంత బోధించును. వ్రాతప్రతిని కాపాడుట యెంత యవసరమో, పాతవాద్యమును కాపాడుటయు అంత యవసరము. మన యిండ్ల అటుకలపై మూలుగుచున్న వీణలను తలచుకొని, ఈ మాట మనవిచేసి విరమించుచున్నాను.