డిస్కుకూ వ్యవస్థకూ నడుమ దుబాసి: స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో స్టోరేజ్ డ్రైవర్ల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- స్టోరేజ్ కంట్రోలర్, డ్రైవర్, ఫర్మ్‌వేర్ అనే మూడింటి మధ్య తేడాను వివరించగలుగుతారు.
- 1991 నుంచి లినక్స్‌లో డిస్కు డ్రైవర్లు ఎదిగిన దశలను వరుసగా చెప్పగలుగుతారు.
- సాంకేతిక పత్రాలు బహిరంగంగా ఉండటానికీ, వినియోగదారుడి స్వేచ్ఛకూ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
- ఒక కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించే ముందు ఏమి పరిశీలించాలో తెలుసుకుంటారు.

1. విషయ పరిచయం

తలుపుల, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న ఈ ప్రాంతమంతా 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాలలోనిది. కంపెనీ ఉద్యోగులలో చాలామందికి ఇక్కడి భాషలు రావు. చెన్నపట్నంలో గానీ, జిల్లాలలో గానీ అటువంటి ఉద్యోగికి పని జరగాలంటే రెండు భాషలూ తెలిసిన దుబాసి కావలసి వచ్చేది. అర్జీ పెట్టుకున్న రైతు ఏమన్నాడో దొరకు తెలిసేది దుబాసి నోటి నుంచే. దుబాసి లేకపోతే ఎదురెదురుగా నిలబడినా ఇద్దరూ మూగవాళ్లే.

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డిస్కుకూ మధ్య స్థితి కూడా ఇదే. ఆ దుబాసి పేరు డ్రైవర్. డిస్కు ఎంత మంచిదైనా, సిస్టమ్ ఎంత గొప్పదైనా, డ్రైవర్ లేకపోతే తెరపై కనిపించేది 'డిస్కు దొరకలేదు' అన్న సందేశమే. ఆ దుబాసిని ఎవరు తయారుచేశారు, అతనికి భాష ఎవరు నేర్పారు, నేర్పడానికి ఎవరు నిరాకరించారు అన్నదే ఈ పాఠంలోని చరిత్ర.

2. మూడు మాటలు

డిస్కు లేదా డిస్కుల సమూహం నుంచి సమాచారాన్ని చదివే, రాసే పనిని నడిపించే ఎలక్ట్రానిక్ భాగాన్ని స్టోరేజ్ కంట్రోలర్ అంటారు. ఇది మదర్‌బోర్డులోనే ఉండవచ్చు, విడి కార్డుగానూ ఉండవచ్చు. కంట్రోలర్‌కు ఏ ఆదేశం ఏ రూపంలో ఇవ్వాలో తెలిసిన ప్రోగ్రామ్ డ్రైవర్. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తుంది. కంట్రోలర్ లోపలి చిన్న ప్రాసెసర్‌పై నడిచే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్. డ్రైవర్ మన వైపు మనిషి, ఫర్మ్‌వేర్ పరికరం వైపు మనిషి అని గుర్తుంచుకుంటే చాలు.

3. ఒకే రకం డిస్కుతో మొదలు

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఒక ప్రకటన చేశాడు. తన దగ్గర ఉన్నది ఏటీ రకం హార్డ్ డిస్కే కాబట్టి తన సిస్టమ్ బహుశా ఎప్పటికీ వేరే రకం డిస్కులతో పనిచేయదని అందులో చెప్పుకున్నాడు. లినక్స్ చరిత్ర ఇలా ఒక డిస్కు పరిమితిని ఒప్పుకోవడంతో మొదలైంది.

అప్పటికే మార్కెట్లో రెండు దారులు ఉన్నాయి. మామూలు కంప్యూటర్లలో ఐడీఈ డిస్కులు వాడుకలోకి వచ్చాయి. వీటి ప్రమాణం ఏటీఏ పేరుతో 1994లో ఖరారైంది. సర్వర్లలో, ఖరీదైన యంత్రాలలో స్కజీ డిస్కులు ఉండేవి. స్కజీ ప్రమాణం 1986 నాటిది. అయితే ఇక్కడ ఒక చిక్కు గమనించండి. ప్రమాణం నిర్ణయించింది ప్రధానంగా కంట్రోలర్‌కూ డిస్కుకూ మధ్య భాషను. కంప్యూటర్‌కూ కంట్రోలర్ కార్డుకూ మధ్య భాషను ప్రతి కంపెనీ తనకు తోచినట్లు పెట్టుకుంది. అందుచేత స్కజీ డిస్కు ఒకటే అయినా, కార్డు మారితే డ్రైవర్ మారాలి.

టోర్వాల్డ్స్ అంచనా ఏడాది కూడా నిలవలేదు. 1992లోనే డ్రూ ఎకార్డ్ లినక్స్‌కు స్కజీ వ్యవస్థను రాశాడు. అదే ఏడాది టామీ థార్న్ ఆడాప్టెక్ 1542 కార్డుకు డ్రైవర్ రాశాడు. ఎవరి దగ్గర ఏ కార్డు ఉంటే వారు దానికి డ్రైవర్ రాసి అందరికీ ఇచ్చారు. 'నా దగ్గర లేదు' అని ఒకడు చెప్పిన చోట 'నా దగ్గర ఉంది' అని మరొకడు ముందుకు రావడమే ఈ పద్ధతి బలం.

డ్రైవర్లు పెరిగిన కొద్దీ ఇంకో సమస్య వచ్చింది. డిస్కును చదవడానికి డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ ఫైలు డిస్కులోనే ఉంది. పెట్టెలో తాళంచెవి పెట్టి తాళం వేసినట్లయింది. దీనికి పరిష్కారంగా, కెర్నెల్‌తో పాటు ఒక చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థను ముందుగా మెమరీలోకి ఎక్కించే పద్ధతి వచ్చింది. అవసరమైన డ్రైవర్ అందులో ఉంటుంది. ఇనిట్‌ఆర్‌డీ అనే ఈ పద్ధతి 1996 నాటి లినక్స్ 2.0 నుంచి స్థిరపడింది. దాని తరవాతి రూపమైన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను నేటికీ వాడుతున్నాం.

4. పత్రాల కోసం పోరాటం

డ్రైవర్ సోర్స్ కోడ్ అందుబాటులో లేకపోవడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఒక మూలకారణం. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను సవరించుకోవాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. కోడ్ ఉన్న వ్యక్తి గోప్యతా ఒప్పందం కారణంగా ఇవ్వనన్నాడు. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించడం వెనుక ఇటువంటి అనుభవాలు ఉన్నాయి.

స్టోరేజ్ కంట్రోలర్ల విషయంలో కంపెనీలు రెండు రకాలుగా ప్రవర్తించాయి. బస్‌లాజిక్ కంపెనీ తన కార్డుల సాంకేతిక పత్రాలు ఇచ్చి సహకరించింది. ఆ పత్రాల ఆధారంగా లియొనార్డ్ జుబ్‌కాఫ్ 1990ల మధ్యలో రాసిన డ్రైవర్ లినక్స్‌లో చక్కగా పనిచేసింది.

రెండో రకానికి ఉదాహరణ 2005లో కనిపిస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో స్వేచ్ఛా వ్యవస్థను నడిపే థియో డి రాట్, ఆడాప్టెక్ రెయిడ్ కంట్రోలర్ల నిర్వహణకు కావలసిన పత్రాలు ఇవ్వమని ఆ కంపెనీని కోరాడు. అవి అందకపోవడంతో ఓపెన్‌బీఎస్‌డీ 3.7 ప్రామాణిక కెర్నెల్ నుంచి ఆ డ్రైవర్‌నే తప్పించారు. పనిచేస్తున్న డ్రైవర్‌ను తీసివేయడం మొండితనం కాదా అని మీకు అనిపించవచ్చు. కారణం ఆలోచించండి. రెయిడ్‌లో ఒకే సమాచారాన్ని కాపాడటానికి అనేక డిస్కులు కలిసి పనిచేస్తాయి. ఒక డిస్కు చెడిపోయినా పని ఆగదు. ఆగదు కాబట్టే, చెడిపోయిన సంగతి కంట్రోలర్ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండో డిస్కు కూడా పోయిన రోజున ఒక కార్యాలయం రికార్డులన్నీ పోవచ్చు. చదవడం, రాయడం మాత్రమే తెలిసి, ప్రమాదాన్ని చెప్పలేని దుబాసి సగం దుబాసే. అదే ఏడాది వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 3.8లో మెగారెయిడ్ కంట్రోలర్ల స్థితిని చూడటానికి బయోసీటీఎల్ అనే సాధనం చేర్చారు.

పత్రాలకు బదులు సోర్స్ లేని రెడీమేడ్ డ్రైవర్ ఇస్తే సరిపోదా? లినక్స్‌లో సరిపోదు. కెర్నెల్ లోపలి ఏర్పాట్లు కూర్పు కూర్పుకూ మారుతుంటాయి. సోర్స్ కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్‌ను ఆ మార్పులు చేసేవారే సవరిస్తారు. బయట ఉన్న మూసిన డ్రైవర్ పాత కూర్పుతోనే ఆగిపోతుంది. కంపెనీ దాన్ని మరచిపోయిన రోజున మీ కార్డు, అది బాగానే ఉన్నా, పనికిరానిదవుతుంది.

5. ఉమ్మడి భాష వైపు

ప్రతి కార్డుకూ ఒక దుబాసి అక్కరలేకుండా, కార్డులన్నీ ఒకే భాష మాట్లాడితే? 2000 తరవాత పరిశ్రమ ఈ దిశగా కదిలింది. సాటా డిస్కులు వచ్చినప్పుడు లినక్స్‌లో జెఫ్ గార్జిక్ లిబాటా అనే కొత్త వ్యవస్థను రూపొందించాడు. ఇంటెల్ 2004లో ఏహెచ్‌సీఐ అనే బహిరంగ ప్రమాణాన్ని ప్రకటించింది. ఇది కంప్యూటర్‌కూ కంట్రోలర్‌కూ మధ్య భాషను నిర్ణయించింది. ఫలితంగా, ఏ కంపెనీ చిప్ అయినా ఒకే డ్రైవర్ చాలు. విండోస్ ఎక్స్‌పీని ఎక్కించేటప్పుడు ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ నుంచి ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఇవ్వవలసిన రోజుల్లోనే, లినక్స్‌లో ఆ డ్రైవర్ కెర్నెల్‌తో పాటే వచ్చేది.

2011 మార్చిలో ఎస్‌ఎస్‌డీల కోసం ఎన్‌వీఎంఈ ప్రమాణం వచ్చింది. మరుసటి ఏడాది లినక్స్ 3.3లో దాని డ్రైవర్ చేరింది. 2021లో లినక్స్ 5.14 నుంచి పాత ఐడీఈ వ్యవస్థను తొలగించారు. అయినా పాత డిస్కులు అనాథలు కాలేదు, వాటి బాధ్యతను లిబాటా తీసుకుంది.

6. మిగిలిన చిక్కులు

మొదటిది ఫర్మ్‌వేర్. డ్రైవర్ స్వేచ్ఛగా ఉన్నా, కొన్ని కంట్రోలర్లు సోర్స్ లేని ఫర్మ్‌వేర్ ఫైలు ఇస్తేనే కదులుతాయి. డెబియన్ సంస్థ 2011లో విడుదల చేసిన 6.0 కూర్పులో ఇటువంటి ఫైళ్లను కెర్నెల్ నుంచి వేరుచేసింది. చివరకు 2022లో సభ్యుల ఓటింగ్ జరిపి, 2023 నాటి డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో వాటిని చేర్చింది. సూత్రానికీ, సామాన్యుడి అవసరానికీ మధ్య ఈ చర్చ ముగిసిందని చెప్పలేం.

రెండోది వయసు. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, పాత రెయిడ్ కార్డులు అనేకం తన డ్రైవర్లలో లేకుండా చేసింది. ఆ కార్డులున్న సర్వర్లకు ఈఎల్‌రెపో అనే స్వచ్ఛంద బృందం డ్రైవర్లను తిరిగి అందించింది. కోడ్ బహిరంగంగా ఉండబట్టే అది సాధ్యమైంది. కొత్త యంత్రాలు కొనలేని చిన్న ఊరి సంస్థకు ఇది చిన్న విషయం కాదు.

7. తెలుగు నేలపై

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లో అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. గ్నూ/లినక్స్‌పై ఆధారపడినందున డిస్కు డ్రైవర్లను మొదటి నుంచి రాసుకునే భారం దానికి లేదు. ప్రపంచంలో ఎవరెవరో రాసిన డ్రైవర్లు సిద్ధంగా ఉండటం వల్ల, ఇక్కడివారి శ్రమ తెరపై తెలుగు తేవడానికి వినియోగపడింది. హెల్సింకిలో ఒకడికి లేని డిస్కు కోసం మరొకరు రాసిన కోడ్, తెలుగు తెర వెనుక పనిచేసింది. ఇద్దరి మధ్యా ఒప్పందం లేదు, ఉన్నదల్లా ఉమ్మడి లైసెన్సు.

మీ కళాశాలలోనో, ఇంట్లోనో ఉన్న కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించాలనుకుంటే ఈ క్రమం పాటించండి. ముందు మీ ఫైళ్ల నకలు తీసుకోండి. యూఎస్‌బీ నుంచి లైవ్ పద్ధతిలో సిస్టమ్‌ను నడిపి చూడండి. ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి 'కే' ఐచ్ఛికం జోడిస్తే ఏ కంట్రోలర్‌కు ఏ డ్రైవర్ పనిచేస్తోందో తెలుస్తుంది. డిస్కు కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ అమరిక రెయిడ్‌లో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మారిస్తే కనిపించవచ్చు. అయితే అదే యంత్రంలో విండోస్ ఉంటే, ముందుగా సిద్ధం చేయకుండా మార్చినప్పుడు అది మొదలుకాకపోవచ్చు.

8. సారాంశం

లినక్స్ ఒకే రకం డిస్కుతో మొదలై, స్వచ్ఛంద కృషితో అనేక కంట్రోలర్లకు విస్తరించింది. పత్రాలు ఇచ్చిన చోట డ్రైవర్లు త్వరగా, బాగా వచ్చాయి. దాచిన చోట సంఘర్షణ జరిగింది. ఏహెచ్‌సీఐ, ఎన్‌వీఎంఈ వంటి ఉమ్మడి ప్రమాణాలు సమస్యను చాలావరకు తగ్గించాయి. ఫర్మ్‌వేర్, పాత పరికరాల చిక్కులు మిగిలే ఉన్నాయి. మీ సమాచారం మీ డిస్కులో ఉన్నంత మాత్రాన మీ చేతిలో ఉన్నట్లు కాదు. దాన్ని చదివే దుబాసి భాష కూడా అందరికీ తెలిసినదై ఉండాలి.

నమూనా ప్రశ్నలు

1. స్కజీ ప్రమాణం ఉన్నప్పటికీ ప్రతి కార్డుకూ వేరు డ్రైవర్ ఎందుకు అవసరమైంది?
2. ఓపెన్‌బీఎస్‌డీ 3.7లో ఒక డ్రైవర్‌ను తప్పించడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. స్టోరేజ్ డ్రైవర్ల అభివృద్ధిలో ఏహెచ్‌సీఐ తెచ్చిన మార్పును వివరించండి.