వేసవి సెలవులు.. పడవెక్కిన పుస్తకాలు

స్కూళ్ళకి సెలవులిచ్చేశారు. "ఆ ఫోన్ పక్కన పెట్టి ఏదైనా పుస్తకం చదువుకోరా" అనే మాట ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా వినిపిస్తుంది. బాగానే ఉంది గానీ, ఏ పుస్తకం? చాలా ఇళ్ళల్లో ఉండేవి క్లాసు పుస్తకాలు, గైడ్లు. వాటికోసం ఫోన్ వదలమంటే ఏ పిల్లాడు వదుల్తాడు చెప్పండి!

మన పాతతరం వాళ్ళు "చదవండి" అని చెప్పి ఊరుకోలేదు. పుస్తకాన్ని మనిషి దగ్గరికి మోసుకెళ్ళారు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయాల మహాసభ పెట్టించారు. అక్కణ్ణుంచి ఊరూరా లైబ్రరీ ఉద్యమం పాకింది. నాకు అన్నిటికన్నా నచ్చింది 1935 నాటి ముచ్చట. పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో ఏకంగా బోటు గ్రంథాలయమే నడిపారు. కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా, పడవలో పుస్తకాలు! కాలువ గట్టు ఊళ్ళవాళ్ళు లైబ్రరీ కోసం పట్నం వెళ్ళక్కర్లేదు, లైబ్రరీయే వాళ్ళ ఊరి రేవుకొచ్చేది. ఇవాళ మనం డోర్ డెలివరీ అంటూ మురిసిపోతున్నాం కదా, అదన్నమాట.

ఇక పిల్లల సంగతి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా అందరికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక పెట్టారు. 1947 జులైలో 'చందమామ' వచ్చింది. తర్వాత వీధి చివర అద్దె పుస్తకాల షాపులొచ్చాయి. పైసలిచ్చి పుస్తకం తెచ్చుకోవడం, గడువులోగా తిరిగిచ్చేయాలి కాబట్టి గబగబా చదివేయడం, మళ్ళీ ఇంకోటి. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, వేసవి అంటే మామిడికాయలతో పాటు ఈ షాపు కూడా గుర్తొస్తుంది వాళ్ళకి. చదివాక "నీతి ఏంటి? పది వాక్యాల్లో రాయి" అని ఎవరూ అడిగేవారు కాదు. అసలు కిటుకు అక్కడే ఉందని నా అనుమానం.

ఆ షాపులు దాదాపు పోయాయి. సర్కారు లైబ్రరీ మాత్రం పోలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మొదటి గ్రంథాలయ చట్టం తెచ్చింది మద్రాసు రాష్ట్రమే, 1948లో. మన ఆంధ్ర ప్రాంతం అప్పుడు అందులోనే ఉంది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్‌కి సొంత చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ కడుతున్నాం. తెలంగాణలో కూడా అంతే. నమ్మకపోతే మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అంటే డబ్బు ముందే కట్టేశాం, పుస్తకం మాత్రం తెచ్చుకోవడం లేదు!

ఈ ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మీ తమ్ముణ్ణో చెల్లినో బండెక్కించుకుని మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. ముందు టైమింగ్స్ కనుక్కోండి. కొద్దిపాటి డిపాజిట్ కడితే పుస్తకాలు ఇంటికిస్తారు. ఏ పుస్తకం తీసుకోవాలో మీరు చెప్పకండి, వాళ్ళనే ఏరుకోనివ్వండి. బొమ్మల పుస్తకమైనా సరే, దెయ్యాల కథలైనా సరే. నచ్చకపోతే సగంలో ఆపేసి మార్చుకుంటారు, ఏం కాదు.